తాళంచెవి ఎవరి దగ్గర?

2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. మామిడికుదురు, పి.గన్నవరం, అయినవిల్లి వైపు లంకలవాళ్ళు పిల్లల్నీ పశువుల్నీ తోలుకుని ఏటిగట్టు ఎక్కారు. మా బడిపిల్లలు కూడా చాలా రోజులు టార్పాలిన్ల కిందే ఉన్నారు. పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ళ డబ్బాలు పడవల మీద వచ్చాయి. వరద తీసింది. జనం దిగి, ఇళ్ళల్లో ఒండ్రు ఎత్తిపోసుకుని, పొయ్యిలు వెలిగించుకున్నారు. గట్టు మీద ఇంకా కొన్ని టార్పాలిన్లు మిగిలాయి. మా బడికి కొత్తగా వచ్చిన మాస్టారు వాటిని చూసి, "వీళ్ళింకా దిగలేదేంటి మేడమ్?" అని అడిగాడు. "వాళ్ళు వరదకి ఎక్కినవాళ్ళు కాదు సార్. ఎప్పుడూ అక్కడే ఉంటారు" అన్నాను. వాళ్ళలో మావాళ్ళు కూడా ఉన్నారని ఆ రోజు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మేం ఎరుకలవాళ్ళం.

వారం రోజులు ఇల్లు లేకపోతే దాన్ని ఆపద అంటాం. పదేళ్ళు లేకపోతే ఏమంటాం? మనకి దానికి సరైన మాట కూడా లేదు. ప్రభుత్వ కాగితాల్లో "నిరాశ్రయులు" అని ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి, ఇళ్ళు లేనివాళ్ళని ప్రత్యేకంగా లెక్క రాశారు. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల మంది దాకా తేలారు. రాసింది ఎవరు? మన టీచర్లమే. నేనూ రాశాను. నాకిచ్చిన బ్లాకులో ఒక గుడి మండపం ఉంది. టార్చిలైటు పట్టుకుని వెళితే అక్కడ ఒక ముసలామె పడుకుని ఉంది. పేరు చెప్పింది, వయసు గుర్తులేదంది, పుట్టిన ఊరు చెప్పింది. ఎన్నాళ్ళనుంచి ఇక్కడున్నావమ్మా అంటే నవ్వింది. ఫారం నింపి, సంతకం పెట్టి, ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు ఆమె దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళాలని ఆ ఫారంలో ఎక్కడా లేదు.

ఈ వ్యాసం ఆ మర్నాటి గురించే. ఇల్లు లేని మనిషిని తెలుగు సాహిత్యం ఎలా చూసింది, సర్కారు ఎలా చూసింది, ఇప్పుడు లోకంలో "సపోర్టివ్ హౌసింగ్" అంటున్న పద్ధతి మన దగ్గరికి వస్తే మనం దాన్ని ఏ కన్నుతో చూడాలి అన్నవి నా ప్రశ్నలు. ఆ ఇంగ్లీషు మాటని నేను "తోడున్న ఇల్లు" అని చెప్పుకుంటాను. ఇల్లిచ్చి ఊరుకోకుండా, ఆ ఇంట్లో మనిషి నిలదొక్కుకునేదాకా, ఆ తర్వాత కూడా, ఒక మనిషి వచ్చిపోతూ ఉండటం.

ముందు సాహిత్యం. ఇల్లు లేని మనిషి అనగానే తెలుగు చదివినవాళ్ళకి గుర్తొచ్చేది శ్రీశ్రీ "భిక్షువర్షీయసి". "మహాప్రస్థానం"లో ఉంది. దారిపక్క చెట్టు కింద జబ్బుపడిన ముసలి బిచ్చగత్తె. ఆమె చచ్చిపోతే ఆ పాపం ఎవరిదని గాలి అడుగుతుంది. కుక్క మాట్లాడదు, తొండ తప్పుకుంటుంది. మనుషులెవరూ జవాబు చెప్పరు. బొమ్మూరు డైట్‌లో ట్రైనింగ్ చేసేటప్పుడు మా లెక్చరరు ఈ గేయం చెబుతుంటే క్లాసులో సగం మందికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. గొప్ప గేయం అనడంలో నాకు సందేహం లేదు. వీధిలో పడున్న ముసలమ్మని కవిత్వం మధ్యకి తెచ్చి కూచోబెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

కానీ ఇప్పుడు, ఇరవై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాక, నాకు దానిలో ఒక లోటు కనిపిస్తోంది. గాలి అడిగిన ప్రశ్న ఆమె చచ్చిపోతే ఏమిటన్నది. బతికితే ఏమిటని ఎవరూ అడగలేదు. బతికితే రేపు రాత్రి ఎక్కడ పడుకోవాలి? మాత్రలు ఎవరిస్తారు? చలికాలం వస్తే? పాపం ఎవరిదని అడిగితే చదివినవాడి గుండె బరువెక్కుతుంది, బరువెక్కాక దిగిపోతుంది కూడా. అవ్వ మాత్రం చెట్టు కిందే ఉంటుంది. ఆమెకి పేరు లేదు, మాట లేదు, తనవాళ్ళు లేరు. తనకేం కావాలో ఆమె చెప్పదు. నాకు కనిపించిన మండపం ముసలామె మాట్లాడింది, నవ్వింది కూడా. మన దయకి అడ్డంగా వచ్చేది ఆ నవ్వే.

బోయి భీమన్నగారు మా కోనసీమవారు. 1911లో మామిడికుదురులో పుట్టారు. ఆయన "గుడిసెలు కాలిపోతున్నాయి" సంపుటికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ పేరు మీదే ఒక మాట చెప్పాలి. మా ప్రాంతంలో తాటాకు గుడిసెలు కాలడం ఎండాకాలంలో మామూలు సంగతి. ఒకటి అంటుకుంటే గాలికి వరుసంతా పోతుంది. ఆ పేరు పెట్టినవాడికి ఆ మంట లోపలినుంచి తెలుసు. శ్రీశ్రీ అవ్వని దారిమీద నుంచి చూశాడు, భీమన్నగారు గుడిసె గుమ్మంలోంచి చూశారు. ఈ తేడా చాలా పెద్దది. ఆయన "పాలేరు" నాటకం చూసి పాలేళ్ళు తమ పిల్లల్ని బడికి పంపారని మా పెద్దలు ఇప్పటికీ చెబుతారు. సాహిత్యం వల్ల ఒక పని జరిగిందని చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

అయితే కాలడానికి ముందు గుడిసె ఉండాలి. గుడిసె కాలినవాడికి కాలిన జాగా ఉంటుంది, ఇరుగుపొరుగు ఉంటారు, తహశీల్దారు ఆఫీసులో ఒక పేరు ఉంటుంది, బియ్యం దుప్పట్లు వస్తాయి. పేట ఉన్నవాడి దుఃఖం అది. పేట కూడా లేని దుఃఖం ఇంకొకటి ఉంది. దాన్ని దళిత సాహిత్యం రాయలేదని నిష్ఠూరం ఆడటం న్యాయం కాదు. రాయాల్సింది మేము.

మా గురించి మేం రాయకముందు మమ్మల్ని ఎవరు రాశారు? ఎరుకలసాని తెలుగు సాహిత్యంలో పాత మనిషే. యక్షగానాల్లో బుట్ట చంకన పెట్టుకుని వస్తుంది. శ్రీనివాసుడంతటివాడు పద్మావతి కోసం ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు ఇంటికి వెళ్ళాడని కథ. దేవుడు మా వేషం వేశాడని మావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు, నేను కూడా చిన్నప్పుడు చెప్పుకున్నాను. ఇప్పుడు చదివితే వేరేది కనిపిస్తుంది. ఎరుకలసాని ఎప్పుడూ ఇంకొకరి వాకిట్లోనే ఉంటుంది. ఆ ఇంటి ఆడపిల్ల పెళ్ళి సంగతి చెబుతుంది, చేటలో బియ్యం పోయించుకుంటుంది, వెళ్ళిపోతుంది. పొద్దుగూకాక ఎక్కడికి వెళ్ళిందో నేను చదివినవాటిలో ఏ ఒక్కటీ చెప్పలేదు. అందరి ఇళ్ళల్లో జరగబోయేది తెలిసిన మనిషికి సొంత ఇల్లు ఉందా అన్న అనుమానమే ఆ రచయితలకి రాలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో మాకు ఇళ్ళు ఇచ్చారు. నిజంగానే ఇచ్చారు. మన కుర్రాళ్ళు ఈ కథ బాగా తెలుసుకోవాలి. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన కులాల్లో మేమూ ఉన్నాం. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్ళం. రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం పోయింది. తిరిగేవాడిని చూస్తే సర్కారుకి భయం. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఒక సెటిల్మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువార్ట్ పేరు మీద దానికి స్టువార్టుపురం అని పేరు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ, మనవాళ్ళు రక్షణ సైన్యం అంటారు. అక్కడ ఇల్లు ఉంది, కొంత భూమి ఉంది, బడి ఉంది, మందులున్నాయి, పని ఉంది. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు అక్కడినుంచే వెళ్ళేవారు. కాగితం మీద చూస్తే ఇంతకంటే తోడున్న ఇల్లు ఇంకెక్కడుంటుంది?

కానీ హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. చెప్పిన పని చేయాలి. చేయకపోతే సాయం పోదు, శిక్ష వస్తుంది. ఇల్లు వాళ్ళది, తాళం వాళ్ళది, మనిషి కూడా వాళ్ళ పుస్తకంలో ఒక వరుస నంబరు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా పోయింది. ఆ ముద్ర పోవడానికి ఆ తేదీ చాలలేదు. స్టువార్టుపురం పేరు పెట్టుకుని సినిమాలు వచ్చాయి, 2023లో కూడా ఒకటి వచ్చింది. అన్నిట్లో పోలీసులూ దొంగలూ ఛేజింగులే. అదొక ఇళ్ళ పథకం అని, జైలుకి ఇల్లు అని పేరు పెట్టిన పథకం అని ఎవరూ సినిమా తీయలేదు. మా తాతల తరంలో కొందరు ఆ సెటిల్మెంట్లను మెచ్చుకునేవారు కూడా, చదువు అక్కడే అబ్బిందని. అదీ నిజమే. రెండూ నిజం కాబట్టే ఆ కథ రాయడం కష్టం.

అందుకే "ఇల్లిస్తాం, తోడుగా మనిషిని పెడతాం" అని ఎవరైనా అంటే మావాళ్ళకి వెన్నులో చలి పుడుతుంది. తోడు అంటే కాపలా అని మాకు తెలుసు. సపోర్టివ్ హౌసింగ్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకూ అదే అనిపించింది. చదివినకొద్దీ అభిప్రాయం కొంత మారింది. పూర్తిగా కాదు.

న్యూయార్కులో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. అంతకుముందు అక్కడి రివాజు మెట్ల వరస. వీధిలో ఉన్నవాడు ముందు తాగుడు మానాలి, మందులు వేసుకోవాలి, షెల్టరులో బుద్ధిగా ఉండాలి, అప్పుడు ఇల్లు. చాలామంది మొదటి మెట్టు దగ్గరే జారిపడేవారు. సెంబెరిస్ దాన్ని తిరగేశాడు. ముందు ఇల్లు, షరతు లేకుండా. డాక్టరు కావాలా, పని కావాలా, కబురు చెప్పుకోవడానికి మనిషి కావాలా అన్నది తర్వాత, ఆ మనిషి అడిగిన మేరకు. వద్దంటే వద్దు, ఇల్లు మాత్రం పోదు. వీధుల్లో ఏళ్ళు గడిపినవాళ్ళు ఇళ్ళల్లో నిలవరన్నది అందరి నమ్మకం. ఎక్కువమంది నిలిచారు.

ఫిన్లాండ్ అనే చిన్న దేశం 2008 నుంచి దీన్నే దేశం పథకంగా పెట్టుకుంది. 1987లో అక్కడ ఇల్లు లేనివాళ్ళు 18 వేలకి పైగా ఉండేవారు, 2022 నాటికి నాలుగు వేల లోపుకి దిగారు. వాళ్ళు చేసిన పనుల్లో నన్ను ఆపేసింది ఒకటుంది. హెల్సింకీ నగరంలో సాల్వేషన్ ఆర్మీకి ఒక పెద్ద ఆశ్రయం ఉండేది, 250 మంచాలు. సాయంత్రం వచ్చి మంచం పట్టుకోవాలి. 2012కల్లా ఆ భవనాన్నే తిరగకట్టి 80కి పైగా విడి విడి ఇళ్ళు చేశారు. ఒక్కొక్కరికి అద్దె ఒప్పందం, ఒక్కొక్కరి చేతిలో తాళంచెవి. సాయం చేసే ఉద్యోగులు అదే భవనంలో ఉంటారు, వాళ్ళు తలుపు కొట్టి లోపలికి రావాలి.

అదే సాల్వేషన్ ఆర్మీ. స్టువార్టుపురంలో మా ముత్తాతల తరం చేత హాజరు వేయించిన సంస్థే, వందేళ్ళ తర్వాత ఇంకో దేశంలో మనిషి చేతికి తాళం ఇచ్చింది. నేను వాళ్ళని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ఒకే సంస్థ, ఒకే దయ, ఒకే రకం సరంజామా: ఇల్లు, పని, మందు, మనిషి. దేన్ని బట్టి ఒకచోట జైలయింది, ఇంకోచోట ఇల్లయింది? నాకు దొరికిన జవాబు చాలా చిన్నది. సాయం వద్దనే హక్కు ఆ మనిషికి ఉందా లేదా. వద్దన్నాక కూడా ఇల్లు ఉంటుందా లేదా. రేపు మన జిల్లాకి ఏ పథకం వచ్చినా, దాని పేరులో ఏ నాయకుడున్నా, మన కుర్రాళ్ళు ముందు అడగాల్సినవి ఈ రెండే అని నా అభిప్రాయం.

ఇక్కడ ఇంకో ఆదివాసీ మాట తీసుకురావాలి. కెనడాలో జెస్సీ థిసిల్ అనే ఆయన మేటీ క్రీ జాతివాడు. ఏళ్ళపాటు వీధుల్లో బతికి, తర్వాత చదువుకుని ప్రొఫెసరు అయ్యాడు. 2017లో ఆయన ఆదివాసులకి ఇల్లు లేకపోవడం అంటే ఏమిటో ఒక నిర్వచనం రాశాడు, పన్నెండు కోణాల్లో. గోడలూ పైకప్పూ లేకపోవడం ఒక్కటే కాదంటాడు. తన నేలనుంచి, చుట్టాలనుంచి, భాషనుంచి తెగిపోవడం కూడా ఇల్లు లేకపోవడమే అంటాడు. కెనడా 2009 నుంచి 2013 వరకు ఐదు నగరాల్లో "ముందు ఇల్లు" పద్ధతిని పరీక్షించి చూస్తే, విన్నిపెగ్ నగరంలో అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది ఆదివాసులే. ఆ దేశం నిండా ఇళ్ళున్నాయి, అయినా వీధిలో మిగిలింది ఎవరో చూడండి. థిసిల్ నిర్వచనం చదువుతుంటే మా బాబాయి గుర్తొచ్చాడు.

బాబాయి కాలువ గట్టు మీద గుడిసెలో ఉండేవాడు. కోనసీమలో కాలువ గట్లంటే పేదవాడి ఊరు. కాటన్ ఆనకట్ట, కాలువలు వచ్చి ఈ డెల్టాలో ప్రతి సెంటుకీ వెల కట్టాయి, వెల కట్టలేనివాళ్ళకి ఆ కాలువల గట్లే మిగిలాయి. బాబాయి తట్టలు, కోళ్ళగూళ్ళు అల్లేవాడు, నాలుగు పందులు ఉండేవి. పిన్ని పోయాక తాగుడు ఎక్కువైంది. ఫిట్స్ వచ్చేవి. కాలువ పనులంటూ ఒక రోజు గుడిసెలు తీసేశారు. ఏడేళ్ళు బస్టాండులో, మూతపడ్డ ఒక దుకాణం అరుగు మీద గడిపాడు. నేను ఇంటికి తీసుకొస్తే మూడు రోజులుండి వెళ్ళిపోయేవాడు. తర్వాత ఎంతో తిరిగి, ఎన్నో అర్జీలు పెట్టి, ఒక కాలనీలో ఆయనకి ఇల్లు వచ్చేలా చేశాను. తిరగడం అంటే ఎలాగో మీకు తెలుసు. ఇల్లు లేనివాడికి ఇల్లివ్వడానికి ఇంటి చిరునామా అడుగుతారు. రేషన్ కార్డు అడుగుతారు. ఇల్లాలి పేరు మీద పట్టా అంటారు, ఇల్లాలు పోయిందంటే కాగితం తిప్పి పక్కన పెడతారు.

ఇల్లు మంచిదే. పల్లపు చేను మెరక చేసి వేసిన లేఅవుటు, సెంటున్నర జాగా, గది, వంటిల్లు, బాత్రూము. గృహప్రవేశం రోజు నేను ఏడ్చాను. ఏడో నెలలో బాబాయి తాళం వేసి, తాళంచెవి తెచ్చి మా ఇంట్లో మేకుకి తగిలించాడు. మళ్ళీ బస్టాండుకి వెళ్ళిపోయాడు.

ఎంత తిట్టానో! "నీకోసం ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాను బాబాయ్" అన్నాను. ఆయన తల వంచుకుని, "ఇల్లు బాగానే ఉందమ్మాయ్. అందులో నేనేం చెయ్యను?" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. బాబాయికి కృతజ్ఞత లేదనుకున్నాను. మా ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం, ఆఫీసులో అయితే సరేసరి, "వీళ్ళకి ఇల్లిచ్చినా ఉండరండీ" అన్నారు నా ముందే. మా జాతి గురించి వందేళ్ళనుంచి అంటున్న మాటే అది. తిరిగే జాతి, నిలవదు. సిగ్గుతో నేను నోరు మూసుకున్నాను.

ఇప్పుడు లెక్క వేసి చూస్తే ఆ ఏడు నెలల్లో ఆ ఇంటి తలుపు తట్టినవాళ్ళు కరెంటు మీటరు చూసే అతనూ నేనూ, అంతే. నేను నెలకోసారి. కాలనీలో పందులు వద్దన్నారు. పక్కవాళ్ళ బాధ కూడా కాదనలేం, సెంటున్నరలో గోడకి గోడ ఆనుకుని ఉంటుంది. పందులు అమ్మేశాక చేతిలో డబ్బు పోయింది, చేసే పని పోయింది. గంపలు కొనేవాళ్ళు నాలుగు మైళ్ళ దూరాన ఉన్న సంతలో. ఫిట్స్ మాత్రలు పెద్దాసుపత్రిలో, ఆటోకి డబ్బులుండాలి. మా కుర్రు భాషలో ఒక్క ముక్క మాట్లాడేవాళ్ళు ఆ వీధిలో లేరు. బస్టాండులో అయితే టీ కొట్టతను పేరుపెట్టి పిలుస్తాడు. ఫిట్స్ వస్తే తాళాలు చేతిలో పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టేవాళ్ళున్నారు. (తాళాలు పెట్టడం వల్ల ఫిట్స్ తగ్గవు, పిల్లలకి చెప్పండి. పక్కకి తిప్పడం మాత్రం మంచిదే.) ఇల్లున్న చోట తోడు లేదు, తోడున్న చోట ఇల్లు లేదు. బాబాయి తోడు వైపు వెళ్ళాడు. ఆయన్ని తప్పుపట్టే ముందు అలాంటిచోట మనమైతే ఏం చేసేవాళ్ళమో ఆలోచించాలి.

కాగితంలో మాత్రం బాబాయికి ఇల్లుంది. "గృహం మంజూరు, పూర్తి" అని ఉంటుంది. కాబట్టి ఆయన ఇక నిరాశ్రయుడు కాడు, ఇంకే సాయానికీ అర్హుడు కాడు. మన రాష్ట్రంలో ఇళ్ళ పథకాలకి కొదవ లేదు. 2020 డిసెంబరు 25న మొదలైన దానిలో పల్లెకి సెంటున్నర, పట్టణానికి సెంటు. ఇప్పటి ప్రభుత్వం పల్లెకి మూడు, పట్టణానికి రెండు అంటోంది. సెంట్లు పెరగడం మంచిదే, పంది దొడ్డికి కాకపోయినా కోళ్ళగూటికి జాగా వస్తుంది. కానీ రెండు పథకాల లెక్కా సెంట్ల దగ్గరే, సిమెంటు దగ్గరే ఆగుతుంది. పట్టణ నిరాశ్రయుల షెల్టర్ల నిబంధన చూడండి, లక్ష జనాభాకి కనీసం వందమందికి సరిపోయే ఆశ్రయం ఉండాలంటుంది. 2011 లెక్కల్లో అమలాపురం పట్టణానికి 53 వేల పైచిలుకు జనం. రాజోలు, కొత్తపేట పట్టణాల లెక్కలోకే రావు. గుళ్ళ దగ్గర, సంతల దగ్గర, తుఫాను షెల్టర్ల అరుగుల మీద పడుకునేవాళ్ళకి ఈ లెక్కలో చోటెక్కడ?

మన దేశంలో ఎవరూ చేయడం లేదా అంటే చేస్తున్నారు. చెన్నైలో 1993లో మొదలైన "ది బాన్యన్" అనే సంస్థ ఉంది. మతి చెదిరి వీధుల్లో తిరిగే ఆడవాళ్ళకోసం పెట్టారు. ఆసుపత్రిలో బాగుపడ్డాక కూడా వెళ్ళడానికి ఇల్లు లేక ఏళ్ళకేళ్ళు వార్డులోనే ఉండిపోయినవాళ్ళకోసం 2015 నుంచి "హోమ్ ఎగైన్" అని నడుపుతున్నారు. మామూలు వీధిలో మామూలు అద్దె ఇల్లు తీసుకుంటారు, నలుగురైదుగురు కలిసి ఉంటారు, సాయంగా ఒక మనిషి. బజారుకి వెళతారు, వండుకుంటారు, పోట్లాడుకుంటారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 19వ సెక్షన్ కూడా ఇలాంటి ఇళ్ళు ఏర్పాటు చేయడం ప్రభుత్వం పని అని చెబుతోంది. చట్టం ఉంది కాబట్టి అడగవచ్చు.

నాకు ఇందులో ఒక అనుమానం లేకపోలేదు. అద్దె ఇల్లు అన్నారు. నేను ప్రభుత్వ టీచరుని, నెల జీతం వస్తుంది. అమలాపురంలో అద్దెకి ఇల్లు వెతికినప్పుడు "మీరు ఏమిటోళ్ళండీ?" అని అడిగారు. చెప్పాక, "మా అబ్బాయి వస్తానన్నాడండీ, ఇల్లు ఖాళీ లేదండీ ఆయ్" అని ఎంతో మర్యాదగా తలుపేశారు. నాలుగిళ్ళ దగ్గర ఇదే. నాకే దొరకని అద్దె ఇల్లు బస్టాండు అరుగు మీదనుంచి లేచొచ్చిన ఎరుకల ముసలాయనకి ఎవరిస్తారు? న్యూయార్కులో, హెల్సింకీలో రాసిన పుస్తకాలకి ఈ ప్రశ్న తెలియదు. మన ఊళ్ళో ఇది మొదటి ప్రశ్న.

కాబట్టి మన దగ్గర ఇది వేరేలా ఉండాలనుకుంటాను. దూరపు లేఅవుటులో మూల ఇల్లు కాకుండా, మనవాళ్ళు ఇప్పటికే బతుకుతున్న గట్టుకీ సంతకీ దగ్గరలో ఐదారు ఇళ్ళు. అల్లుకోవడానికి ఒక రేకుల పాక. పందులకి ఊరికి ఎడంగా ఉమ్మడి దొడ్డి. పట్టా ఆ మనిషి పేరు మీద, ఒంటరివాడైనా సరే. వారానికోసారి వచ్చే మనిషి. ఆశా కార్యకర్తలున్నారు, సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ ఉన్నారు, డ్వాక్రా సంఘాలున్నాయి, మనలో చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలున్నారు. కుర్రు తెలిసిన పిల్లకి నాలుగు డబ్బులిచ్చి ఆ పని అప్పగిస్తే రెండు కుటుంబాలు నిలబడతాయి. ఆ పిల్ల హాజరు పుస్తకం పట్టుకుని వెళ్ళకూడదు, అంతే నా షరతు. తాగి ఉంటే మర్నాడు వెళ్ళాలి.

మైదానంలో ఉన్న గిరిజనులకి ఇవన్నీ అడిగే వేదిక కూడా సరిగా లేదు. ఏజెన్సీలోవాళ్ళకి ఐటీడీఏ ఉంది, 1/70 చట్టం ఉంది. కొండల్లో ఉంటేనే ఆదివాసులనుకునేవాళ్ళకి కోనసీమ కొబ్బరితోటల మధ్య ఉన్న ఎరుకలవాళ్ళూ యానాదులూ కనిపించరు. మన సంఘాలు పెట్టే అర్జీల్లోనూ "ఇళ్ళ స్థలాలు మంజూరు చేయాలి" అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. నేను రాసిన అర్జీల్లోనూ అదే ఉంది. స్థలం వచ్చాక ఏమిటని మనమే అడగడం లేదు, ఇక అధికారులు ఎందుకు అడుగుతారు?

మన రచయితలకి కూడా ఒక మాట. మన కథల్లో గుడిసె తీసేయడం ఉంది, పోలీసులు ఎత్తుకుపోవడం ఉంది, ఊరేగింపు ఉంది. కొత్త ఇంట్లో మొదటి ఆరు నెలలు లేవు. ఒంటరిగా గోడల మధ్య కూచున్న ముసలాయన, ఆయనకి కరెంటు బిల్లు అర్థం కాకపోవడం, కిటికీ తీయాలో వద్దో తెలియకపోవడం, పక్కింటి పిల్లతో మొదటి మాట. ఎరుకలసాని ఇంటి లోపల ఎలా ఉంటుందో ఇంకా ఎవరూ రాయలేదు. అది రాస్తే అర్జీ కంటే బలంగా ఉంటుందని నాకు గట్టి నమ్మకం. "పాలేరు" చూసి పిల్లల్ని బడికి పంపిన నేల ఇది.

పోయిన సంక్రాంతికి బాబాయి వచ్చాడు. తలంటుకుని, అన్నం తిని, వీధరుగు మీద కూచున్నాడు. మేకుకున్న తాళంచెవి వైపు చూశాడు గానీ దాని సంగతి ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు, "ఆ గుమ్మం పక్కన కొబ్బరి మొక్క పెట్టానమ్మాయ్, బతికిందా?" అని అడిగాడు. నాకు తెలియదు. ఆ మొక్క పెట్టిన సంగతే తెలియదు. ఆ ఆదివారం కాలనీకి వెళ్ళి చూశాను. మొక్క నా మోకాలి ఎత్తుంది. పక్కింటామె రోజూ నీళ్ళు పోస్తోందట. "తాతగారు ఎప్పుడొస్తారండీ?" అని అడిగింది.